ఆసుపత్రిలో పెత్తనం, వేధింపు: మన సంఘాల బాధ్యత

రైల్వే ఉద్యోగికి గాని, తపాలా ఉద్యోగికి గాని ఆసుపత్రి కొత్త చోటు కాదు. సిక్ లిస్టులో పేరు వ్రాయించుకొనడానికో, ఫిట్ సర్టిఫికెట్ తెచ్చుకొనడానికో రైల్వే ఆసుపత్రి మెట్లెక్కని గ్యాంగ్‌మన్ లేడు. సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీ ముందు మందుల కోసం వరుసలో నిలబడని తపాలా పింఛనుదారు అరుదు. కాని మనం ఆసుపత్రిని ఎల్లప్పుడు కిటికీకి ఇవతలి నుండి మాత్రమే చూశాం. మందు దొరకలేదని, డాక్టరు రాలేదని, సిస్టరు కసురుకొన్నదని ఫిర్యాదులు వ్రాశాం. కిటికీకి అవతల ఉన్నవారు కూడ మన వంటి జీతగాండ్రేనని, వారికి కూడ పై అధికారి, డ్యూటీ రోస్టరు, మెమో, వార్షిక నివేదిక ఉంటాయని, అది కూడ ఒక పనిస్థలమేనని మనలో ఎందరు ఆలోచించారు? నేను చాలాకాలం ఆలోచించలేదు. అందువలన జరిగిన ఒక తప్పును ముందుగా చెప్పుకొనవలసి ఉన్నది.

2006లో నేను డివిజన్ స్థాయిలో సంఘానికి సహాయ కార్యదర్శిగా ఉన్నాను. ఒక సాయంత్రం ఒక రైల్వే ఆసుపత్రిలో పనిచేసే నర్సు మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆమెది 22 సంవత్సరాల సర్వీసు. చేతిలో బదిలీ దరఖాస్తు ఉన్నది. "అన్నయ్యగారూ, ఎక్కడికైనా పంపించండి, ఆ వార్డు మాత్రం వద్దు" అన్నారు. విషయమేమని అడిగితే ఒక్కొక్కటిగా చెప్పారు. వార్డు ఇన్‌చార్జి రోజూ రోగుల ముందు, ఆయాల ముందు ఆమెను అవమానిస్తున్నారు. ఐదు నిమిషాల ఆలస్యానికి మెమో ఇస్తున్నారు. నెలకు వేసిన రోస్టరును ముందురోజు రాత్రి మార్చి నైట్ డ్యూటీ వేస్తున్నారు. కుమార్తె పరీక్షలకు అడిగిన సెలవును నిరాకరించి, అదే వారంలో మరొకరికి మంజూరు చేశారు. "ఇది ఎనిమిది నెలలుగా సాగుతున్నది" అన్నారు ఆమె.

ఆ తరువాత ఆమె చెప్పిన మాట నన్ను ఈనాటికీ వదలలేదు. ఒక రాత్రి ఒక రోగి కేసు షీటులో మందు మోతాదు ఎక్కువగా వ్రాసినట్లు ఆమెకు అనుమానం కలిగింది. ఇన్‌చార్జికి ఫోను చేసి అడగవలసి ఉన్నది. "ఇంత సర్వీసు చేసి ఇది కూడ తెలియదా" అని మళ్ళీ అందరి ముందు అంటారన్న భయంతో రెండు గంటలు ఆగారు. చివరకు ధైర్యం చేసి నేరుగా డ్యూటీ డాక్టరును లేపారు. అనుమానం నిజమైంది. మోతాదు సరిచేశారు. ఆ మంచం మీద ఉన్నవాడు పట్టాల మీద పనిచేసే మన సభ్యుడే. ఆ రెండు గంటల సంగతి ఆయనకు తెలియదు.

ఆ వార్డు ఇన్‌చార్జి కూడ మన సభ్యురాలే. పైగా బ్రాంచిలో ఆఫీస్ బేరరు. చందాలు వసూలు చేయడంలో, ఎన్నికలలో ఓట్లు కూడగట్టడంలో ముందుండేవారు. నేను ఆ నర్సుతో ఏమన్నాను? "ఇద్దరూ మనవాళ్ళే, కొంచెం సర్దుకుపోండమ్మా" అన్నాను. ఆమె దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయారు. మరుసటి సంవత్సరం స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకొన్నారు. సంఘానికి ఒక ఆఫీస్ బేరరు మిగిలారు. ఆసుపత్రి ఒక మంచి నర్సును పోగొట్టుకొన్నది. ఇది యాజమాన్యం చేసిన అన్యాయం మాత్రమే కాదు. నేను కూడ చేసినది.

ఆనాడు నేను గ్రహించని విషయం ఒకటి ఉన్నది. తగాదా వేరు, వేధింపు వేరు. లినెన్ ఎవరు లెక్క చూడవలెను, షిఫ్టు మారేటప్పుడు ఎవరు ఎవరికి బాధ్యత అప్పగించవలెను, పండుగ సెలవు ఎవరికి రావలెను అన్నవి తగాదాలు. నలుగురు కలిసి పనిచేసే ప్రతి చోట ఇవి వస్తాయి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే పరిష్కారమవుతాయి. వేధింపులో ఇద్దరి బలం సమానంగా ఉండదు. ఒకరి చేతిలో రోస్టరు, సెలవు, నివేదిక ఉంటాయి. రెండవవారి చేతిలో ఏమీ ఉండదు. అది ఒకనాటితో పోదు, పదే పదే జరుగుతుంది. పని చక్కబరచడం దాని ఉద్దేశం కాదు, మనిషిని లొంగదీయడం దాని ఉద్దేశం. అటువంటి చోట "సర్దుకుపోండి" అంటే బలవంతుని పక్షం వహించడమే అవుతుంది.

అదే సమయంలో మరొక మాట కూడ చెప్పవలెను. కఠినంగా పని చేయించడం వేధింపు కాదు. ఆసుపత్రిలో క్రమశిక్షణ సడలితే ప్రాణాలు పోతాయి. చేతులు కడుగని వానిని, ఇంజక్షన్ నమోదు చేయని వానిని ప్రశ్నించడం పై అధికారి ధర్మం. తప్పును తప్పని చెప్పడం వేరు, తప్పును సాకుగా తీసుకొని మనిషిని నలుగురిలో నలిపివేయడం వేరు. ఈ తేడా తెలియని సంఘం ఒకనాడు సోమరిని కాపాడుతుంది, మరొకనాడు బాధితుని వదిలివేస్తుంది.

ఇది మన ఊహలో పుట్టిన సమస్య కాదు. స్వీడన్‌లో హైంజ్ లేమాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో పనిస్థలంలో ఒక మనిషిని గుంపుగా వెంటాడి వెలివేసే తీరును పరిశీలించారు. 1993లో ఆ దేశం దీనిని నివారించే బాధ్యతను యజమానిపై ఉంచుతూ నిబంధనలు చేసింది. 2002లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ నర్సుల మండలి, ప్రభుత్వ సేవా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఆరోగ్యరంగంలో హింసను ఎదుర్కొనడానికి మార్గదర్శక సూత్రాలు వెలువరించాయి. 2019 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒడంబడికను ఆమోదించింది. ఒక్కసారి జరిగినా, పలుమార్లు జరిగినా, శరీరానికి, మనస్సుకు, గౌరవానికి, జీవనానికి హాని చేసే ప్రవర్తన హింస, వేధింపుల క్రిందికే వస్తుందని అది గుర్తించింది. కాంట్రాక్టు కార్మికులను, శిక్షణలో ఉన్నవారిని కూడ తన రక్షణలోనికి తీసుకొన్నది. ఈ ఒడంబడికను మన దేశం ధ్రువీకరించవలెనని కోరడం కార్మిక సంఘాల న్యాయమైన కోరిక.

ఆసుపత్రిలోనే ఈ జాడ్యం ఎందుకు ఎక్కువ? మొదటి కారణం అక్కడి అంతస్తుల వ్యవస్థ. పెద్ద డాక్టరు, చిన్న డాక్టరు, మేట్రన్, నర్సు, ఫార్మసిస్టు, డ్రెస్సరు, ఆయా, సఫాయివాలా, వీరందరికీ క్రింద కాంట్రాక్టు మనిషి. పైనుండి పడిన కోపం మెట్టు మెట్టుకూ దిగి చివరకు నెలనెలా జీతం వస్తుందో రాదో తెలియని స్త్రీ నెత్తిన పడుతుంది. రెండవ కారణం మనుష్యుల కొరత. నలుగురు చేయవలసిన పని ఇద్దరు చేస్తున్నప్పుడు మాట కరుకెక్కుతుంది. మూడవది నిద్రలేమి. రెసిడెంట్ డాక్టర్ల విధి సాధారణంగా ఏకధాటిగా 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఎన్ని వార్డులలో అమలైనదో ఏ రెసిడెంట్ డాక్టరును అడిగినా చెబుతాడు. 1973లో లోకో సిబ్బంది సమ్మె చేసి పది గంటల పని హామీని సాధించుకొన్న చరిత్ర మనది. నిద్రలేని డ్రైవరు చేతిలో రైలు ఎంత ప్రమాదమో, నిద్రలేని డాక్టరు చేతిలో సూది అంతే ప్రమాదమని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నాలుగవ కారణం గురించి మన సభలలో తక్కువగా మాట్లాడుకొంటాం. అది కులం, స్త్రీ పురుష భేదం. మలమూత్రాలెత్తే పని ఏ కులాల వారి మీద పడుతున్నదో, వారిని ఏ పిలుపుతో పిలుస్తున్నారో ఏ వార్డులోనైనా ఒక పూట నిలబడితే తెలుస్తుంది. 2019 మేలో ముంబయిలో ఆదివాసీ వర్గానికి చెందిన ఒక యువ డాక్టరు ప్రాణాలు కోల్పోయింది. సీనియర్లు కులం పేరుతో వేధించారన్న ఆరోపణపై దేశమంతటా ఆందోళన చెలరేగింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్లులో ఒక పోస్టు గ్రాడ్యుయేట్ వైద్య విద్యార్థిని మరణం మన తెలుగునాట అటువంటి ప్రశ్ననే లేవనెత్తింది. ఎవరిది ఎంత దోషమో తేల్చవలసినది న్యాయస్థానాలు. అయితే ఆ బిడ్డల బాధ అంతదూరం పోయేవరకు చుట్టూ ఉన్నవారు ఏమి చేస్తున్నారన్న ప్రశ్న మనందరికీ చెందుతుంది.

"ఇది ఆసుపత్రి సిబ్బంది అంతర్గత వ్యవహారం, మనకేమి సంబంధం?" అని అడిగే మిత్రులున్నారు. వారికి బ్రిటన్ అనుభవం చెబుతాను. బ్రిస్టల్ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సలలో మరణాలు అధికంగా ఉన్నాయని మత్తుమందు వైద్యుడొకరు 1990 నుండి హెచ్చరిస్తూ వచ్చారు. పెద్దలు చెవిన పెట్టలేదు. ఆయన చివరకు దేశం విడిచి ఆస్ట్రేలియా వెళ్ళారు. 2001లో వెలువడిన విచారణ నివేదిక, అధికారం కొద్దిమంది చేతిలో ఉండి ప్రశ్నకు చోటులేని వాతావరణాన్ని తప్పుబట్టింది. స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగుల దుస్థితిపై రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో 290 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. సిబ్బందిలో భయం, పై నుండి బెదిరింపు అక్కడి వైఫల్యానికి కారణాలలో ఒకటని ఆయన తేల్చారు. తరువాత 2015లో ఆయన సిఫారసు మేరకు, సిబ్బంది నిర్భయంగా తమ మాట చెప్పుకొనడానికి ప్రతి ఆసుపత్రి సంస్థలో ప్రత్యేక బాధ్యుని నియమించే పద్ధతి వచ్చింది. క్రిందివాని నోరు మూస్తే రోగి ప్రాణం పోతుందని ఆ దేశం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకొన్నది.

రైల్వేలో మనకు ఈ పాఠం ఏనాడో తెలుసు. పట్టా విరిగి ఉన్నదని గ్యాంగ్‌మన్ ఎర్రజెండా చూపితే ఎంతటి మెయిలు బండి అయినా ఆగవలసినదే. అందులో జనరల్ మేనేజరు ప్రయాణిస్తున్నాడా అని ఎవరూ అడగరు. తరువాత విచారణలో పట్టా బాగానే ఉన్నదని తేలినా, సద్బుద్ధితో బండిని ఆపినవానిని తప్పుపట్టడం రైల్వే ధర్మం కాదు. ఆ ఎర్రజెండా ఆసుపత్రి వార్డులో ఆయా చేతిలో కూడ ఉండవలెను. "అమ్మా, ఈ మంచం మనిషికి ఊపిరి ఆడడం లేదు" అని ఆమె చెబితే, "నీ పని నీవు చూసుకో" అన్న జవాబు రాకూడదు. పెత్తనం, వేధింపు ఆమె చేతిలోని జెండాను లాగివేస్తాయి. ఆ బండిలో ప్రయాణం చేసేది మనం, మన తల్లిదండ్రులు, మన బిడ్డలు.

ఇక బయటి నుండి వచ్చే దౌర్జన్యం సంగతి. ఇందులో మన దోషం కూడ ఉన్నది. మందు స్టాకులో లేదని చెప్పిన ఫార్మసిస్టుపై బల్ల గుద్ది అరిచిన సభ్యులను నేను చూశాను. వారి వెంట సంఘం బాడ్జి పెట్టుకొని వెళ్ళిన నాయకులను కూడ చూశాను. మందు కొనవలసినది ఫార్మసిస్టు కాదు. ఇండెంటు పాస్ చేయవలసినది, నిధులు ఇవ్వవలసినది పైవారు. మన కోపం పి.ఎన్.ఎం. సమావేశపు బల్ల మీదికి పోవలెను గాని కిటికీ వెనుక ఉన్న జీతగాని మీదికి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చేసిన చట్టం వైద్య సిబ్బందిపై దాడికి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధించింది. కరోనా కాలంలో 2020లో కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరించి మరింత కఠిన శిక్షలు పెట్టింది. అయినా 2024 ఆగస్టు 9న కలకత్తాలో రాత్రి విధిలో ఉండి సెమినార్ హాలులో విశ్రాంతికై వెళ్ళిన ఒక డాక్టరు అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ నెల 20న సుప్రీంకోర్టు వైద్య సిబ్బంది భద్రతపై జాతీయ కార్యదళాన్ని నియమించవలసి వచ్చింది. శిక్షలు అవసరమే. కాని రాత్రి విధిలోని మనిషి తలుపు వేసుకొని కొంచెం సేపు పడుకొనడానికి ఒక గది లేని ఆసుపత్రిని ఏ శిక్షాస్మృతి కాపాడగలదు?

చట్టం ఎక్కడివరకు ఉన్నదో మన కార్యకర్తలు తెలుసుకొనవలెను. 1992లో రాజస్థాన్‌లో ఒక గ్రామీణ మహిళా కార్యకర్తపై జరిగిన అత్యాచారం తరువాత, 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. 2013లో చట్టం వచ్చింది. దాని ప్రకారం పదిమంది లేక అంతకుమించి పనిచేసే ప్రతి చోట అంతర్గత కమిటీ ఉండవలెను. ఫిర్యాదు మూడు నెలలలోగా ఇవ్వవలెను. విచారణ 90 రోజులలో ముగియవలెను. కులదూషణకు 1989 చట్టం ఉన్నది. కాని లైంగికం కాని, కులపరం కాని రోజువారీ వేధింపునకు ప్రత్యేకమైన చట్టం లేదు. అక్కడ మనకు ఆధారం రెండే: ప్రవర్తనా నియమావళి, సంఘబలం. చట్టం లేని చోటనే సంఘం అవసరం ఎక్కువ.

యాజమాన్యం ఇటువంటి ఫిర్యాదు రాగానే ఒకే మందు వేస్తుంది: ఫిర్యాదు చేసినవారి బదిలీ. "ఇద్దరికీ పడడం లేదు" అని ఫైలు మూస్తుంది. వేధించినవారు అదే కుర్చీలో మరొకరి కోసం ఎదురుచూస్తారు. తప్పుడు ఫిర్యాదులు రావా అని కొందరంటారు. వస్తాయి. అందుకే విచారణ కావలెను. ఆరోపణకు గురైనవానికి నోటీసు, జవాబు చెప్పుకొనే అవకాశం, సాక్షులను ప్రశ్నించే హక్కు ఉండవలెను. 1968 క్రమశిక్షణ నియమాల క్రింద చార్జిషీటు అందుకొన్న ప్రతి రైల్వే ఉద్యోగికి మనం కోరే న్యాయమే ఇది. తప్పుడు ఫిర్యాదుల భయంతో విచారణే వద్దనడం, దొంగ టికెట్లున్నాయని రైళ్ళు ఆపివేయడం వంటిది.

నా అనుభవం నుండి కొన్ని సూచనలు బ్రాంచీల ముందు ఉంచుతున్నాను.

మొదటిది: బాధితులు వ్రాతపూర్వకంగా లెక్క పెట్టుకొనవలెను. తేది, గంట, అన్న మాట, విన్నవారి పేరు ఆనాడే ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొనవలెను. ఆరు నెలల తరువాత గుర్తు తెచ్చుకొని చెప్పిన మాటకు విచారణలో బలముండదు.

రెండవది: తగాదా అయితే వారం లోపల ఇరువురినీ కూర్చోబెట్టవలెను. వేధింపు అని తోచినచో ఎదురెదురుగా కూర్చోబెట్టరాదు. ముందు బాధితుని మాట ఒంటరిగా, పూర్తిగా వినవలెను. తరువాత వ్రాతపూర్వక ఫిర్యాదుగా పైకి పంపవలెను.

మూడవది: విచారణ ముగిసేవరకు బాధితులను కదపరాదు. ఎవరినైనా తాత్కాలికంగా మార్చవలసివస్తే, అధికారం చేతిలో ఉన్నవారినే ఆ వార్డు నుండి మార్చవలెను. వారి సర్వీసుకు నష్టం లేకుండా చేయవచ్చు.

నాలుగవది: డ్యూటీ రోస్టరు నెల ముందుగా గోడమీద అతికించవలెను, మార్పుకు కారణం వ్రాతలో ఉండవలెను. చీకటిలో ఉన్న రోస్టరే చాలా చోట్ల వేధింపు ఆయుధం. ఖాళీలు నింపవలెనన్న కోరికతో పాటు ఇది కూడ పి.ఎన్.ఎం. అజెండాలోను, సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలోను చేరవలెను.

ఐదవది: కాంట్రాక్టు సఫాయి కార్మికురాలు మన సభ్యురాలు కాదని ఆమె మాటను త్రోసిపుచ్చరాదు. ఆమెను తిట్టేవాడు ఒకవేళ మన సభ్యుడైతే, ఆ ఫిర్యాదు మన వద్దకే రావలెను.

ఆరవది, నాకు అన్నిటికంటె ముఖ్యమైనది: ఇరువురూ మన సభ్యులైనప్పుడు ఒకే నాయకుడు ఇద్దరి పక్షాన నిలువరాదు. ఇద్దరికీ వేరువేరుగా ఇద్దరు సహాయకులను సంఘం ఇవ్వవలెను. ఆరోపణ ఆఫీస్ బేరరుపై వచ్చినచో, విచారణ ముగిసేవరకు ఆ వ్యక్తి సంఘ పదవి నుండి తప్పుకొనవలెను. ఇది చేదుగా ఉంటుంది. కొన్ని ఓట్లు పోవచ్చు. కాని ఆఫీస్ బేరరు పదవి ఇతరులను తిట్టడానికి లైసెన్సు అని నర్సులు, ఆయాలు భావించిన నాడు ఆ ఆసుపత్రిలో మన జెండాకు విలువ ఉండదు.

ఈ వ్యాసం ఆసుపత్రి గురించి వ్రాసినా, ఆర్.ఎం.ఎస్. సార్టింగ్ హాలులో పనిచేసే మిత్రులు, పొదుపు ఖాతాల, బీమా పాలసీల టార్గెట్ల కోసం అందరి ముందు మాటలు పడే గ్రామీణ డాక్ సేవకులు తమ సంగతి కూడ ఇందులో చూసుకొని ఉంటారు. రోగం ఒకటే, చికిత్స ఒకటే. ఆసుపత్రిలో అది ప్రాణాల మీదికి వస్తుంది గనుక అక్కడ మొదలుపెట్టమంటున్నాను.

రాబోయే బ్రాంచి సమావేశంలో ప్రతి కార్యదర్శి ఒక ప్రశ్నను అజెండాలో చేర్చవలెనని కోరుతున్నాను. మన పరిధిలోని ఆసుపత్రిలో, డిస్పెన్సరీలో అంతర్గత కమిటీ ఉన్నదా? దాని సభ్యుల పేర్లు గోడమీద ఉన్నాయా? లేకుంటే ఆ మరునాడే చీఫ్ మెడికల్ సూపరింటెండెంట్‌కో, సంబంధిత అధికారికో లేఖ పోవలెను. ఆ తరువాత ఎవరైనా ఒక సిస్టరు గాని, ఒక ఆయా గాని సాయంకాలం మన ఇంటి తలుపు తట్టితే, ముందు కూర్చోమనండి, కాగితం తీసుకొని ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాయండి. "సర్దుకుపోండమ్మా" అన్న మాట మాత్రం అనకండి. నేను ఒకసారి అన్నాను. దానిని వెనుకకు తీసుకొనే అవకాశం నాకు రాలేదు.